పంటు మీద ఏడో తరగతి

పంటు బాబాయి పోయారన్న సంగతి నాకు మా స్కూలు తల్లిదండ్రుల గ్రూపులో తెలిసింది. మెసేజీ ఆయన నంబరు నుంచే వచ్చింది. "మా నాన్నగారు ఈ ఉదయం చనిపోయారు మేడమ్. కొన్ని రోజులు స్కూలుకి రాలేను" అని రెండే రెండు వాక్యాలు. అక్షరాలు కనిపించగానే, ఇంకా చదవకముందే, నాకు ఏదో అనుమానం తగిలింది. మూడేళ్ళలో ఆ నంబరు నుంచి రాసిన మెసేజీ ఒక్కటీ రాలేదు. ఆయన ఎప్పుడూ మాట్లాడే పంపేవారు. వెనకాల పంటు ఇంజను చప్పుడూ, మధ్యలో ఎవరినో "ఆగండాగండి, పలక దిగనివ్వండి" అని కేకెయ్యడమూ అన్నీ కలిసి వచ్చేవి అందులో.

నేను లెక్కల టీచర్ని. ఉండేది నర్సాపురంలో, పనిచేసేది ఏటికి అవతల సఖినేటిపల్లి వైపు ఒక హైస్కూల్లో. రోజూ వశిష్ఠ గోదావరి దాటి వెళ్ళి, దాటి రావాలి. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ కార్లనీ ఎక్కించుకుని ఏరు దాటించే పెద్ద పడవని ఇక్కడ పంటు అంటాం. బాబాయి ఆ పంటు మీద పనిచేసేవారు. ఒడ్డు రాగానే తాడు విసిరి కట్టడం, బళ్ళు దిగడానికి ఇనుప పలక దించడం, అందరూ ఎక్కాక మళ్ళీ ఎత్తడం ఆయన పని. మీరెప్పుడైనా ఆ రేవు దాటి ఉంటే ఆయన్ని చూసే ఉంటారు. నల్లగా, సన్నగా, లుంగీ మోకాళ్ళ పైకి మడిచి, పలక నేలకి ఆనేదాకా అరచెయ్యి అడ్డంపెట్టి అందర్నీ ఆపే మనిషి. రేవులో అందరూ ఆయన్ని బాబాయ్ అనేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని.

వాళ్ళమ్మాయి మా స్కూల్లోనే చదువుతుంది. ఇదంతా ఆ పిల్ల ఏడో తరగతిలోకి వచ్చిన ఏడాది మొదలైంది. ఆ ఏడాదే మా స్కూలుకి పాఠాల యాప్ ఒకటి వచ్చింది. ప్రతి పాఠానికీ పది నిమిషాల వీడియో, దాని కింద నాలుగు లెక్కలు, అడుగున తల్లిదండ్రుల కోసం "చూశాము" అని ఒక బటన్. వాళ్ళు అది నొక్కితే నా జాబితాలో ఆ పిల్ల పేరు పచ్చగా మారుతుంది. నొక్కకపోతే ఎర్రగా ఉండిపోతుంది. పిల్లలు ఏం చదువుతున్నారో ఇంట్లో వాళ్ళకి తెలియాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. నాకు ఫోన్ల సంగతి కాస్త తెలుసని ఆ బాధ్యత నాకు అప్పగించారు.

తల్లిదండ్రుల మీటింగు పెట్టి బటన్ ఎక్కడుందో, ఎలా నొక్కాలో చూపించాను. బాబాయి వెనక బెంచీలో కూచున్నారు. అంతా అయ్యాక లేచి నిలబడ్డారు.

"ఒక్క మాటండీ మేడమ్ గారూ. చూసేం అని నొక్కాలంటే ముందు చూడాలి కదండీ?"

"చూడాలండి."

"చూసేననుకోండి. అర్థం కాలేదనుకోండి. అప్పుడేది నొక్కాలండీ?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. "చూశారు కదా బాబాయిగారూ, చూశాము అనే నొక్కండి" అన్నాను. ఆయన "ఆయ్" అని కూచున్నారు.

నెల తిరిగేసరికి జాబితా దాదాపు అంతా పచ్చగా అయిపోయింది. ఒక్క పేరు మాత్రం ఎర్రగా ఉండిపోయింది. చూసీ చూసీ నాకు విసుగొచ్చింది. ఒకరోజు పొద్దున్న పంటు ఎక్కుతూనే అడిగేశాను.

"బాబాయిగారూ, అందరూ నొక్కారు, మీదొక్కటే ఎర్రగా ఉంటోందండీ."

"ఆయ్. నిజమేనండి."

"వీడియో రావట్లేదా?"

"వస్తందండి. రెండేసి సార్లు చూస్తన్నానండి. అర్థం కావట్లేదండి. నొక్కితే అబద్ధం కదండీ?"

ఆయన చదువుకున్నది ఐదో తరగతి దాకా. తరవాత పడవల పనిలోకి వచ్చేశారు. కూడబలుక్కుని చదవగలరు. అంతకు మించి రాదు. కూతురి పాఠం తనకి అర్థం కావాలన్న ఆలోచన ఆయనకెలా వచ్చిందో నాకు తెలియదు. స్కూలు వాళ్ళు బటన్ ఇచ్చారు కాబట్టి అదీ తన డ్యూటీయే అనుకున్నారేమో. నేను మాత్రం ఆ రోజు, నా జాబితా పూర్తవ్వాలన్న తొందరతోనే, "సరే, ఏది అర్థం కాలేదో చెప్పండి" అన్నాను.

అలా మొదలైంది. ఒడ్డున ఆయనకి ఊపిరాడదు. పంటు కదిలి ఏటి మధ్యకి వచ్చాక మాత్రం కాసేపు తీరిక. ఆ కాసేపట్లో మా క్లాసు. ఏటి మధ్యలో సిగ్నల్ అందేది కాదు. అందుకని రేవులో ఉండగానే వీడియో ఫోన్లోకి దింపుకుని ఉంచేవారు. నా దగ్గర వాడేసిన సుద్దముక్కలు అడిగి తీసుకుని, పంటు పక్కరేకు మీద లెక్క వేసేవారు. చెయ్యి పెద్దది కావడంతో అంకెలూ పెద్దవిగా పడేవి. నేను రాని రోజున ఇంకెవరైనా దొరికేవారు. నర్సాపురం బ్యాంకులో పనిచేసే ఒకావిడ, రిటైరైన పోస్టుమాస్టరుగారు ఒకరు, ఎవరు నిలబడి ఉంటే వాళ్ళని "ఏవండీ, ఇదోసారి చెబుతారా అండీ" అని అడిగేసేవారు. మొహమాటం లేదు. ఓసారి భిన్నాల లెక్కలో పడి ఒడ్డు వచ్చినా తాడు విసరలేదు. పంటు పక్కకి వాలిపోయింది. పైనుంచి పంటు నడిపే సరంగు "నీ లెక్కలు తగలెయ్య, తాడెయ్యవయ్యా!" అని అరిచాడు. అప్పట్నించీ ఒడ్డు దగ్గర పడుతోందంటే చాలు, ఫోను జేబులో పెట్టేసేవారు.

మైనస్ అంకెలు ఆయనకి ఎంతకీ ఎక్కలేదు. సున్నా కంటే తక్కువ ఏముంటుందండీ అనేవారు. సముద్రం దగ్గర కాబట్టి మా రేవులో రోజూ పోటూ పాటూ ఉంటాయి. పోటుకి నీరు మెట్లెక్కుతుంది, పాటుకి దిగుతుంది. ఒక మెట్టుకి తెల్లరంగు పూసి ఉండేది. అదే సున్నా అనుకోమన్నాను. పైకెక్కితే ఒకటి, రెండు, మూడు. కిందికి దిగితే మైనస్ ఒకటి, మైనస్ రెండు.

ఆయన మెట్ల వైపు చాలాసేపు చూశారు. "అయితే మైనస్ ఐదు కన్నా మైనస్ మూడే పెద్దదండీ. అయిదు మెట్లు దిగిపోయిన నీరు కన్నా మూడు మెట్లు దిగిన నీరే కదండీ పైనుండేది" అన్నారు.

ఆ వారం క్లాసులో నేనూ అదే చెప్పాను. పన్నెండేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను. గీత గీసి కుడి ఎడమలు చూపించడమే తప్ప ఎదురుగా ఉన్న రేవు నాకు తట్టలేదు.

ఇంటికెళ్ళి ఆయన కూతురికి పాఠం చెప్పేవారా అంటే, అదీ లేదు. "నేను చెప్పలేనండి. పక్కన కూచుంటానండి. అది చేస్తా ఉంటే చూస్తే, ఏం చేస్తందో తెలవాలి కదండీ" అనేవారు. అంతే ఆయన కోరింది.

ఆ కాస్త కోరికే కూతురికి కష్టమైంది. అందులో పిల్ల తప్పు లేదు. నర్సాపురం ట్యూషనుకి వెళ్ళే పిల్లలు కొందరు పంటు మీద ఆయన్ని చూశారు. సుద్దముక్కతో రేకు మీద గీసుకుంటూ, వచ్చేపోయే వాళ్ళని లెక్కలడిగే మనిషిని. మర్నాడు క్లాసులో ఆ అమ్మాయి లేచి నిలబడగానే వెనకనుంచి ఎవరో "చూసేనండీ, అర్థం కాలేదండీ" అని ఆయన గొంతు పెట్టి అన్నారు. అది అక్కడితో ఆగలేదు. ఓ రోజు ఇంటర్వెల్లో ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది.

"మేడమ్, మా నాన్నకి పంటు మీద లెక్కలు చెప్పకండి. ప్లీజండి."

"ఎందుకమ్మా?"

"అందరూ నవ్వుతున్నారండి."

ఆవేళ నేను సరైన జవాబు చెప్పి ఉండాల్సింది. "నేను మాట్లాడతాలే" అని పంపించేశాను. మాట్లాడలేదు.

వారం తిరగకుండా బాబాయి ఫోను పట్టుకొచ్చారు. "యాప్ కనిపించట్లేదండి" అన్నారు. చూస్తే, ఎవరో తీసేశారు. ఎవరో నాకు తెలిసిపోయింది. "పొరపాటున వేలు తగిలి పోయి ఉంటుందండీ, మళ్ళీ పెట్టేస్తాను" అన్నాను.

ఆయన ఫోను వెనక్కి తీసుకున్నారు. "పొరపాటు కాదండి. మా అమ్మాయే తీసేసింది. నాకు తెలుసండి" అన్నారు. ఫోను జేబులో పెట్టుకుంటూ, "దానికి నా వల్ల నామోషీగా ఉందండి. వద్దు లెండి, మళ్ళీ పెట్టకండి" అన్నారు.

తరవాత రెండు నెలలు, పంటు కదలగానే ఆయన అవతలి చివరికి వెళ్ళి నిలబడేవారు. నేను పలకరిస్తే "బాగున్నారాండీ" అని నవ్వేవారు. రేకు మీద సుద్దగీతలు వానకి పోయాయి. పిల్ల మాత్రం మేనత్త ఫోన్లో యాప్ పెట్టుకుని, తండ్రి తరఫున తనే బటన్ నొక్కేసేది. నా జాబితాలో ఆఖరి ఎర్ర పేరు కూడా పచ్చగా మారింది. మా స్కూలు తల్లిదండ్రులు నూటికి నూరుపాళ్ళూ పాఠాలు చూస్తున్నారని ఆ నెల నాకు మెచ్చుకోలు వచ్చింది. మీటింగులో లేచి నిలబడమని చప్పట్లు కొట్టారు. నిజంగా చూసిన ఒక్క మనిషీ చూడ్డం మానేసిన నెల అది. ఆ చప్పట్లు తల్చుకుంటే నాకిప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

పరీక్షలో ఆ అమ్మాయి లెక్కల కాగితం దాదాపు తెల్లగా ఇచ్చేసింది. తప్పులు రాసిన పిల్లలున్నారు, అసలేమీ రాయనిది ఈ పిల్లే. తండ్రిని పిలిపించాను. ఆయన పని మధ్యలో వచ్చారు. పిక్కల దాకా తడి, చేతికి తాడు రాపిడి. పిల్ల గోడవైపు తిరిగి నిలబడింది. కోప్పడతారేమో అనుకున్నాను. ఆయన ప్రశ్నపత్రం అడిగి తీసుకుని, బెంచీ మీద కూచుని, పెదాలు కదుపుతూ చదివారు.

"ఇది నాకొచ్చునేమోనండి" అంటూ నా చేతిలో పెన్ను తీసుకున్నారు. నాలుగులోంచి మైనస్ మూడు తియ్యాలి. ఒకటి అని వేశారు.

పిల్ల ఓరగా చూసింది. ఉండబట్టలేకపోయింది. "అలా కాదు నాన్నా. ఏడొస్తుంది."

"ఏడెలాగొచ్చిందే?"

"మైనస్సూ మైనస్సూ కలిస్తే ప్లస్సయిపోద్ది."

"ఎందుకయిపోద్ది?"

"అయిపోద్దంతే."

"అంతేనంటే ఎలాగే? నీకు తెలుసా, తెలీదా?"

పిల్ల తల దించుకుంది. "తెలీదు" అంది. "తెలీకుండా రాస్తే తప్పయితే, మళ్ళీ అందరూ..." అని ఆగిపోయింది.

"నాకూ తెలీదు కదే. మరి ఇద్దరికీ తెలీదు. అడుగుదాం" అన్నారాయన. ఇద్దరూ నా వైపు చూశారు.

నేను ఆయన్నే అడిగాను. "బాబాయిగారూ, పోటుకి నీరు తెల్లమెట్టు మీద నాలుగు మెట్లెక్కింది. పాటుకి తెల్లమెట్టు కింద మూడు మెట్లు దిగింది. రెంటికీ తేడా ఎన్ని మెట్లండీ?"

"ఏడండి" అన్నారు వెంటనే. అని, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయారు. పిల్ల కాగితం వైపు చూసింది, తండ్రి వైపు చూసింది.

"అదా!" అంది.

"అదేనే!" అన్నారాయన. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ గదిలో ఆ పిల్ల నవ్వడం నేను అదే మొదటిసారి చూడ్డం. నాన్నకి రాదని లోకానికి తెలిసిపోయిందన్న బాధ కన్నా, తనకీ రాదని చెప్పుకోడానికి ఎవరూ లేరన్న బాధే ఆ పిల్లకి ఎక్కువగా ఉందని నాకు అప్పుడర్థమైంది.

ఆ సాయంత్రమే యాప్ మళ్ళీ ఆయన ఫోన్లోకి వచ్చింది. పిల్లే పెట్టింది. రాత్రి భోజనాల వేళకి గ్రూపులో ఆయన గొంతు వినిపించింది: "మేడమ్ గారండీ, ఆరో లెక్క మా అమ్మాయికీ నాకూ ఇద్దరికీ అర్థం కాలేదండి. కాస్త చెప్తారా అండీ." అప్పటిదాకా ఆ గ్రూపులో దండం బొమ్మలూ, ఓకేలూ తప్ప మరొకటి ఉండేది కాదు. కాసేపటికి ఇంకో తల్లి, "మాకూ అదే అర్థం కాలేదండీ మేడమ్" అంది. మర్నాడు ఇంకొకరు. అంతర్వేది నుంచి చేపల వేటకెళ్ళే ఒకాయన, కువైట్‌లో ఇంటిపనికి కుదిరిన ఒకమ్మ, ఇలా ఒక్కొక్కరూ గొంతు విప్పారు. కువైట్ అమ్మ అయితే, "మా బాబు రోజూ బాగానే చదువుతున్నానంటాడండి. ఏం చదువుతున్నాడో ఇన్నాళ్ళూ అడగలేదండి, నాకు తెలీదని తెలిసిపోద్దని" అంది. నేను జవాబులు మాట్లాడి పంపడం మొదలుపెట్టాను. అర్థం కానివాళ్ళు బటన్ నొక్కొద్దని చెప్పాను.

దాంతో మా జాబితా నిండా ఎరుపు వచ్చేసింది. పైనుంచి అడిగారు, బాగా నడుస్తున్న స్కూలు ఇలా అయిందేమిటని. మా హెడ్మాస్టరుగారు ఒకటే మాట చెప్పారు: "చూడకుండా నొక్కడం మానేశారండీ మా వాళ్ళు." తరవాత నాతో, "ఎరుపుంటే ఉండనివ్వండి మేడమ్, మనం సంజాయిషీ రాద్దాం" అన్నారు. రెండుసార్లు రాశాం కూడా.

ఆ అమ్మాయి లెక్కల్లో ఫస్టు వచ్చిందని రాస్తే బాగుంటుంది కానీ, రాలేదు. మార్కులు మధ్యరకంగా వస్తాయి. కానీ కాగితం తెల్లగా ఇవ్వదు. తెలియంది చెయ్యెత్తి అడుగుతుంది. వెనక బెంచీ వాళ్ళు ఆయన గొంతు పెట్టడం ఎప్పుడు మానేశారో నేను గమనించలేదు. బహుశా వాళ్ళ తల్లిదండ్రులే ఆ మాట గ్రూపులో అనడం మొదలెట్టాక అయ్యుంటుంది.

బాబాయి అలా ఏడూ ఎనిమిదీ తొమ్మిదీ పూర్తిచేశారు. బీజగణితం వచ్చాక కాస్త డీలా పడ్డారు. "ఎక్స్ ఎంతో వాళ్ళకి ముందే తెలుసు కదండీ, మనల్నెందుకండీ ఏడిపించడం" అనేవారు. రేఖాగణితం ఇష్టపడ్డారు. పోస్టుమాస్టరుగారితో వాదించి మరీ నేర్చుకునేవారు. ఎవరైనా ఈ వయసులో ఇదెందుకు బాబాయ్ అంటే, "పిల్ల చదువు మనకి తెలవద్దాండీ. బళ్ళో వేసేసి ఊరుకుంటామాండీ" అనేవారు. అంతకు మించి పెద్ద మాటలు ఆయన నోట నేను వినలేదు.

ఆయన పోయిన రోజు పొద్దున్న మొదటి పంటుకే గుండెల్లో నొప్పన్నారట. తాడు కట్టి, పలక దించి, బళ్ళన్నీ దిగాక మెట్ల మీద కూచున్నారట. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి బ్యాంకావిడా, పోస్టుమాస్టరుగారూ అక్కడే ఉన్నారు. మేం ముగ్గురం ఒకరికొకరం ఏమీ కాం. ఏటి మధ్యలో తప్ప ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆవేళ మాత్రం చాలాసేపు ఒకేచోట నిలబడిపోయాం. పోస్టుమాస్టరుగారు "వృత్తాల పాఠం సగంలో ఉందండీ మాకు" అన్నారు.

పెద్దకర్మ అయ్యాక అమ్మాయి స్కూలుకి వచ్చింది. పదో తరగతి కదా, ఎక్కువ రోజులు పోగొట్టుకోలేదు. పోయిన శనివారం స్కూలయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. కాలవగట్టు మీద చిన్న పెంకుటిల్లు. అరుగు మీద ఆయన భార్య కూచుని కొబ్బరాకులు ముందేసుకుని చీపుళ్ళ కోసం ఈనెలు తీస్తున్నారు. "రండి మేడమ్ గారూ, కూచోండి" అని చాప జరిపారు. కాసేపటికి, "యాప్‌లో ఇప్పుడు నా పేరు పెట్టిందండి పిల్ల. నాకు అక్షరమ్ముక్క రాదు. ఏం చేసుకోనండీ దాన్ని?" అన్నారు.

ఆ మాట విని పిల్ల లోపల్నించి ఫోను తెచ్చి గోడకి ఆనించింది. పాఠం సరూప త్రిభుజాలు. కాసేపు చూసి ఆపేసి, తల్లి ముందున్న కుప్పలోంచి మూడు ఈనెలు తీసుకుని నేలమీద త్రిభుజం పేర్చింది. ఇంకో మూడు తీసి, వాటిని సగానికి సగం తుంచి, దాని పక్కనే చిన్న త్రిభుజం పేర్చింది.

"అమ్మా, ఈ రెండూ ఒకేలా ఉన్నాయా, లేవా?"

ఆవిడ చేతిలో ఆకు పక్కన పెట్టి వంగి చూశారు. "ఒకేలాగే ఉన్నాయే. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, అంతేగా" అన్నారు.

"మరి మూలలు కొలిస్తే?"

అంతలో కాలవ మీదనుంచి గాలి తోసుకొచ్చింది. చిన్న త్రిభుజం కదలబోయింది. ఆవిడ కూతురి ముఖం మీంచి చూపు తిప్పకుండానే కాలు చాపి, బొటనవేలితో ఆ మూలని నొక్కిపెట్టారు.